కరెంటు తీగయు, జీవకారుణ్యమును

2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం మండలమునందలి నస్తూర్‌పల్లి అడవిలో గాలింపునకు బోయిన గ్రేహౌండ్స్ దళమువాడొకడు, వేటగాండ్రు వన్యమృగములకై కట్టిన కరెంటు తీగ తగిలి ప్రాణములు విడిచెను. ఆ తీగ అతనికై కట్టినది కాదు; ఏ అడవిపందికో, ఏ దుప్పికో కట్టినది. తీగకు మనుష్యుడు, మృగము అను భేదము తెలియదు గదా! ఈ దుర్వార్త నాలుగు దినములు పత్రికలలో నడిచి చల్లారెను. తీగలు మాత్రము చల్లారలేదు.

తీగ కట్టు విధమును పల్లెలయందుండు పాఠకులకు మేము చెప్పవలసిన పని లేదు, పట్టణవాసులకై చెప్పుచున్నాము. మోకాలి యెత్తున కఱ్ఱమేకులు పాతి, వానిమీదుగా సన్నని ఇనుప తీగను వందల గజముల పొడవున, పొలముగట్ల వెంటనో మృగములు నీటికి దిగు బాట వెంటనో లాగుదురు. దాని కొసను మోటారు స్టార్టరునకో, నెత్తిమీదుగా పోవు పదునొకండు వేల వోల్టుల లైనునకో తగిలింతురు. ఒకప్పుడు వ్యవసాయమునకు కరెంటు వంతులవారీగా వచ్చెడిది. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణములో ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. అర్ధరాత్రి చీకటిలో మోటారు వేయబోవు బాధ రైతునకు తప్పినదని అందరమును సంతోషించితిమి. కాని ఆ కరెంటే దొంగతీగకును తెల్లవార్లు బలము నిచ్చుచున్నది. తీగ కట్టువారు రెండు తెగలవారు. మాంసమమ్ముకొను వేటగాడొకడు, చేను కాపాడుకొన జూచు రైతొకడు. ఇరువురును చేయునది ఒకటే నేరమైనను, ఇరువురిని ఒకే గాట కట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు మూడును 2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లానుండి వెలువడినవి. ములుగు 2019లో వేఱుపడుటచే ఏటూరునాగారము అభయారణ్యము ఆ జిల్లాకు పోయినది. కాని అడవికి జిల్లాల పొలిమేరలతో పని యేమి? మానుకోట వైపున పాకాల అడవి, భూపాలపల్లికి ఉత్తరమున గోదావరి, ఆ యొడ్డున మహారాష్ట్రపు అడవులు. మృగములు ఆ దారిని వచ్చుచు పోవుచునే యున్నవి. అట్లు వచ్చిన మృగమున కెట్టి ఆతిథ్యము దొరకునో ఇరుగుపొరుగు అడవులు చెప్పుచున్నవి. చెన్నూరు అడవులలో కె-4 అని అటవీశాఖవారు పేరిడిన ఆడపులి నడుమునకు ఉచ్చుతీగ బిగిసికొనిపోయి, ఆ తీగతోనే చాలకాలము తిరిగెను. మత్తుమందిచ్చి తీగను తీయవలెనని ఎంత ప్రయత్నించినను అది చేజిక్కలేదు. 2024 జనవరిలో కాగజ్‌నగరు అడవిలో రెండు పులులు చచ్చినప్పుడు, పశువు కళేబరమున పెట్టిన విషము సంగతి బయటపడెను.

ఇట్టి మూగజీవులను రక్షించుటకై లాభాపేక్ష లేక పనిచేయు సంఘములు మనకు లేకపోలేదు. శ్రీమతి అక్కినేని అమలగారు 1992లో స్థాపించిన బ్లూక్రాసు, ఇండ్లలో దూరిన పాములను చంపనీయక పట్టి అడవిలో విడుచు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సంఘము, ఉత్తరపు అడవులలో పులులను గూర్చి శ్రమించు హైదరాబాదు పులుల సంరక్షణ సంఘము, ఇట్లు పలువురు పాటుపడుచున్నారు. వీరియెడ మాకు గౌరవము గలదు. మాకున్న చిక్కు ఒకటే. వీరందరి కాపురము హైదరాబాదున. అచటినుండి జనగామ దగ్గరనే యున్నది, సరే. కాటారము రెండువందల కిలోమీటరులకు పైమాట. ఉచ్చులో బడిన జంతువు పెనుగులాడిన కొలదియు తీగ కండలోనికి దిగును. వరుసలేని వ్యవసాయపు బావిలో బడినది నీరుండిన యెడల కొన్ని గంటలకు మించి యీదలేదు. కబురు పోయి, బండి కదలి, వల వచ్చి చేరునప్పటికి ఊరివారు గుమిగూడి రాళ్లు రువ్వుటయో, జంతువు తనంతట కన్ను మూయుటయో జరిగిపోవును. గజేంద్రమోక్షమును తెనుగున చెప్పిన పోతన ఈ జనగామ జిల్లా బమ్మెరవాడు. అరక దున్ని బ్రతికిన రైతని ప్రతీతి. జీవకారుణ్యము మనకు రాజధానినుండి దిగుమతి కావలసిన సరకు కాదు. కావలసినది వల, నిచ్చెన, త్రాళ్లు, శిక్షణ పొందిన నలుగురు పడుచువాండ్రు, మండలమున కొక పశువైద్యుని సాయము.

అయితే ఆ పడుచువాండ్రు ఊరిలో అడుగుపెట్టగానే రైతు వేయు ప్రశ్న యొకటి గలదు: ‘మా చేను ఎవరు రక్షింతురు?’ దీనికి బదులు చెప్పలేని జీవకారుణ్యము పల్లెలో నిలువజాలదు. 2020 నవంబరులో మహబూబాబాదు జిల్లా శనిగపురమువద్ద గుట్టమీద పదుల కొలది కోతుల కళేబరములు గోనెసంచులలో దొరకెను. విషము పెట్టి చంపిరని తేలినది. ఇది ఘోరమే. కాని మొక్కజొన్న కంకి పాలు పట్టునాటికి కోతిమూక వచ్చి చేనును పీకి పందిరి వేయగా చూచినవాడు, అట్టి ఘోరము ఎట్లు పుట్టినదో తెలిసికొనగలడు. ఇందు విశేష మొకటి గలదు. వెనుక గోదావరికి ఉత్తరమున ఎఱ్ఱమూతి కోతియు, దక్షిణమున పొడుగుతోక గల మన ఊరికోతియు ఉండెడివని జంతుశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. ఇప్పుడా హద్దు చెరిగి, ఎఱ్ఱమూతి కోతి నది దాటి దక్షిణమునకు వ్యాపించినది. ఒక ఊరివారు కూలిచ్చి కోతులను పట్టించి, రాత్రికి రాత్రి లారీలో నెక్కించి వేఱొక ఊరి పొలిమేరన దింపించుట ఈ వ్యాప్తికి చాలవరకు తోడ్పడినది. తన తలనొప్పిని పొరుగువానికి అంటించుటయే ఇంతకాలము మన మెఱిగిన కోతివైద్యము! 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేయు కేంద్రమును తెఱచిరి. హిమాచల ప్రదేశమువారు అంతకు చాలయేండ్ల ముందే ఈ పద్ధతి నవలంబించిరి. మానుకోట కోతి చించోలికి పోవలెనన్న ఎన్ని కిలోమీటరులు పోవలెనో లెక్క వేసినచో, ఈ మూడు జిల్లాలకు కలిపి మఱొక కేంద్రము అవసరమా కాదా అను వాదమునకు తావుండదు.

చట్టము మాట కొంత చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పులివంటి మొదటి షెడ్యూలు మృగమును చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్లవరకు కారాగారము. ఇది కఠినమే. కాని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము మూగజీవిని కొట్టి హింసించినవానికి మొదటి తప్పునకు జరిమానా పది రూపాయలనుండి యేబది రూపాయలు. అరువదియేండ్లు దాటినను ఆ యంకె మారలేదు. భారతీయ న్యాయసంహిత 325వ విభాగము చంపుటకు, అంగహీనము చేయుటకు ఐదేండ్లవరకు శిక్ష చెప్పుచున్నదనుట నిజమే. కాని ఫిర్యాదు చేయువాడు లేనియెడ ఏ విభాగమును పనికిరాదు. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామములలో సుమారు మూడువందల వీధికుక్కలను చంపిరని జంతురక్షణ సంఘమువారు ఫిర్యాదు చేసినందుననే పోలీసులు కేసు పెట్టిరి. కుక్కల బెడద లేదని మేమనము. పిల్లలను కఱచు కుక్కను ముద్దాడుమని ఎవ్వరును చెప్పరు. 2023 నాటి నియమముల ప్రకారము శస్త్రచికిత్స చేయించి, టీకాలు వేయించవలసిన భారము స్థానికసంస్థలది. ఆ పనికి డబ్బు లేదనుచు సూదిమందునకు మాత్రము డబ్బు వెదకుట ఏపాటి పరిపాలనము?

ఇక భూస్వాములతో రెండు మాటలు. తమ పొలములో తమ మోటారునుండి ఎవడో కౌలుదారు తీగ లాగినాడు, మాకు తెలియదనుట చెల్లదు. స్టార్టరు డబ్బాకు తాళము వేయించుట మీ చేతిలోని పని. వాడుకలో లేని బావికి మొలయెత్తు వరుస కట్టించుటయు అంతే. అది జింకకే కాక మీ ఎద్దునకును, మీ పాలేరు బిడ్డకును రక్షణ. విద్యుత్సంస్థవారు వేళగాని వేళ లోడు పెరిగిన లైనులను, మాటిమాటికి ట్రిప్పగు ఫీడరులను గుర్తించి, ఆ కబురును అప్పటికప్పుడు అటవీశాఖకు తెలుపు కట్టుబాటు చేసికొనవలెను. హైదరాబాదు సంఘములవారు మూడు జిల్లాకేంద్రములలో మూడు చిన్న శాఖలు తెఱచి, మొదటి యేడు జంతువులను పట్టుటకన్న ముందు, పంట పాడైన రైతుచేత నష్టపరిహారపు దరఖాస్తు వ్రాయించుట నేర్చుకొనవలెను.

ఈ దరఖాస్తు మాటకు సమయము దగ్గరపడినది. వన్యమృగములవలన కలుగు పంటనష్టమును ఫసల్ బీమా పథకమునందు చేర్చుచున్నామని కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించెను. 2026 ఖరీఫ్ నుండి అమలు. నష్టము జరిగిన 72 గంటలలోగా ఫొటోలతో తెలుపవలెనని నిబంధన. మన రాష్ట్రము 2020లో ఆ పథకమునుండి తొలగిపోయినది. ఈ క్రొత్త నిబంధన ఫలము ఈ మూడు జిల్లాల రైతునకు చేరునట్లు చూచుట రాష్ట్రప్రభుత్వము విధి. పందులు త్రొక్కిన చేను ఫొటోను ఫోనులో నెట్లు తీయవలెనో, ఎవరికి పంపవలెనో తెలియని ముసలిరైతు ఇంటికి, ఆ మూడు దినములు గడువకమునుపే సంఘమువాడొకడు చేరవలెను.