అడవి లెక్క ఎకరములతో తేలదు

అడవి నడుమ బాట వేసినపుడు గాని, కాలువ త్రవ్వినపుడు గాని నష్టమెంత యని అడిగినచో ఎకరములలో సమాధానము వచ్చును. పోయిన అడవికి బదులుగా వేరొకచోట మొక్కలు నాటవలెనను నిబంధనయు కలదు. అందుకై సమకూరిన నిధుల వినియోగమునకు 2016లో ప్రత్యేకముగా ఒక చట్టము వచ్చినది. జమాఖర్చులు సరిపోయినవని మనము తృప్తిపడుచున్నాము. కాని ఈ చిట్టాలో ఒక పద్దు విడిచిపోయినది. మిగిలిన అడవి ఒక్కటిగా మిగిలెనా, ముక్కలుగా మిగిలెనా అనునదే ఆ పద్దు.

ఈ విషయమున మనకు దారి చూపినవారు రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు. సముద్రద్వీపములను గూర్చి వారు 1967లో వెలువరించిన గ్రంథములోని సిద్ధాంతము సుబోధము. ఒక ద్వీపమున ఎన్ని జాతులు నిలుచుననునది రెండింటి తూకముపై ఆధారపడును: వెలుపలినుండి వచ్చి చేరు జాతులొకవైపు, లోపల నశించు జాతులొకవైపు. ద్వీపము దూరమైనకొలది రాక తగ్గును. చిన్నదైనకొలది నాశము పెరుగును. వైశాల్యము పదవవంతునకు తగ్గినచో జాతులు సుమారు సగమునకు తగ్గునని స్థూలముగా చెప్పుదురు.

ద్వీపమునకు చుట్టును నీరే ఉండనక్కరలేదు. పొలముల నడుమ చిక్కిన అడవితునక అందలి దేవాంగపిల్లికి ద్వీపమే. పొలము సముద్రమువలె దాటరానిది కాదని కొందరు ఆక్షేపించిరి. అది నిజమే, నక్క దాటగలదు. కొమ్మనుండి కొమ్మకు సాగు ప్రాణి దాటలేదు.

థాయిలాండులో 1987 ప్రాంతమున చ్యూ లాన్ జలాశయము నిండినపుడు నూటికి పైగా కొండకొనలు ద్వీపములై మిగిలినవి. వానిపై అడవి నిలిచియే యున్నది. అయినను పది హెక్టార్లకు లోబడిన ద్వీపములలో ఐదారేండ్లకే అడవిలోని చిన్న క్షీరదములు దాదాపుగా తుడిచిపెట్టుకొని పోయినవి. అంతకు పెద్దవైన ద్వీపములకును ఇరువదియైదేండ్లలో అదే గతి పట్టినదని 2013లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. వాని స్థానమును వెలుపలినుండి చొచ్చిన ఒక ఎలుకజాతి ఆక్రమించినది.

చెట్టు నిలిచియుండగా జంతువేల నశించెను? సంఖ్య స్వల్పమైనపుడు ఒక ఏటి రోగము, ఒక ఏటి కరవు చాలును. రక్తసంబంధము గలవానిలోనే జతకట్టుటచే సంతతి బలహీనమగును. అంచులనుండి ఎండయు, వడగాలియు లోనికి చొచ్చును. విశాలారణ్యమున ఒకమూల కలిగిన లోటును పొరుగుమూల పూరించును, తునకకు పొరుగులేదు. పైగా ఈ నాశము వెంటనే కనబడదు. గొడ్డలి పడిన నాడే ప్రాణి నశించినచో మనము మేలుకొనియుందుము. ఇరువదియేండ్లకు నశించుటచే కారణమును మరచుచున్నాము.

మన కడపసీమలోని కలివికోడిని తలపవలెను. 1900 తరువాత కానరాక, అంతరించినదని భావింపబడిన ఆ పక్షి 1986లో మరల దొరకినది. తెలుగుగంగ కాలువ దాని నివాసభూమికి ముప్పుగా పరిణమించినపుడు కాలువ దారి మార్చిరి. ఇది శ్లాఘనీయము. నల్లమలనుండి శేషాచలమువరకు పులులు సాగవలసిన అడవిబాట విషయమునను ఇట్టి వివేకమే కావలెను. అది తెగినచో, వేరొకచోట నాటిన లక్ష మొక్కలును దానిని అతుకజాలవు.

అట్లని బాటలు వలదనుట కాదు. హైదరాబాదునుండి నాగపురము మీదుగా ఉత్తరమునకు పోవు 44వ జాతీయ రహదారి పెంచ్ అడవులను దాటుచోట జంతువులకై క్రిందుగా మార్గములు విడిచిరి. పులులు వానిలో నడచుచున్నవని కెమెరాలు సాక్ష్యమిచ్చినవి. వ్యయము హెచ్చినను మార్గము లేకపోలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో జిల్లాపటమును పరచి, అడవులకు పచ్చరంగు వేయించి, వాని నడుమ బాటలను, కాలువలను గీయింపవచ్చును. ఎన్ని ఎకరములు పోయినవని కాక, ఎన్ని ముక్కలైనవని విద్యార్థి లెక్కించును గాక. రేపు ఆ పటములపై సంతకము చేయవలసినవారు వారే.