కాటన్ దొరగారికి దండ వేసిన తరువాత



మే నెల 15వ తేదీ వచ్చిందంటే మన గోదావరి ఊళ్ళలో సర్ ఆర్థర్ కాటన్ గారి విగ్రహాలకు దండలు పడతాయి. ఆయన 1803లో ఆ రోజున పుట్టాడు. కులం, మతం చూడకుండా రైతులందరూ ఒక పరదేశి ఇంజనీరును ఇంటి పెద్దలా తలుచుకోవడం చూస్తే మాకు సంతోషమే. అయితే మే 15 నాటికి మన కాలువలు సాధారణంగా కట్టేసి ఉంటాయి. దండ వేసి వెనక్కి తిరిగితే కాలువ అడుగు కనబడుతుంది. పూడు మట్టి, ఎండిన గుర్రపుడెక్క, సీసాలు, ప్లాస్టిక్ సంచులు. అదే రోజున, అదే గట్టున.

1832-33లో నందన నామ సంవత్సర కరువుకు గుంటూరు ప్రాంతంలో లక్షలమంది చనిపోయారు. గోదావరి మాత్రం నిండుగా సముద్రంలోకి పోతూనే ఉండేది. ఆ నీటిని మళ్ళించడానికి ధవళేశ్వరం దగ్గర నాలుగు పాయల మీద 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి ముగించారు. కాటన్ గారు ఒక్కరే కట్టలేదు. వీణెం వీరన్నగారు పక్కన నిలిచారు, వేలమంది కూలివారు రాళ్ళు మోశారు. వారి పేర్లు ఏ దిమ్మె మీదా లేవు. దేవుని గ్రంథంలో ఉంటాయని మా నమ్మకం. ఆ నీరే నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, బెజవాడ నుండి వచ్చే కృష్ణా కాలువను కలుసుకుంటుంది.

ఆయన తండ్రి కూడా. కూతురు ఎలిజబెత్ 1842లో పుట్టింది, అంటే ఆనకట్ట కట్టేనాటికి చిన్నపిల్ల. పెద్దయ్యాక ఇంగ్లాండులోని డోర్కింగ్ ఊళ్ళో, పనివారు తాగుడు మానాలని కాఫీ గది తెరిచి అక్కడ వాక్యం చెప్పేది. తండ్రి 1899లో 96 ఏళ్ళ వయస్సులో ప్రభువునందు నిద్రించాడు. మరుసటి సంవత్సరమే ఆమె ఆయన జీవితచరిత్ర అచ్చువేయించింది. అందులో కరువులను ఆపే మార్గాల మీద వేరొకరిచేత వ్యాసాలు కూడా చేర్పించింది. తండ్రిని తలుచుకోవడమంటే ఆయన పనిని కూడా ముందుకు నడపడమని ఆ బిడ్డకు తెలుసు. (పెళ్ళయ్యాక లేడీ హోప్ అన్నది ఈమెనే. డార్విన్ చివరి రోజుల్లో మారుమనస్సు పొందాడనే కథ ఈమె పేరు మీదే 1915లో బయటికి వచ్చింది. డార్విన్ పిల్లలు అది నిజం కాదన్నారు. సేవకులు ఆ కథను ప్రసంగాల్లో చెప్పడం మానేస్తే మేలు.)

ఆదికాండము 26వ అధ్యాయము చూడండి. అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చారు. ఇస్సాకు వాటిని మళ్ళీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లతోనే పిలిచాడు. తండ్రి పేరున రాయి నిలబెట్టినట్టు అక్కడ లేదు. మన కాలువలను పూడుస్తున్నది మాత్రం ఫిలిష్తీయులు కాదు, మనమే. గట్టున ఉన్న ఇళ్ళ మురుగు, హోటళ్ళ చెత్త, కోళ్ళ వ్యర్థాలు అన్నీ అందులోకే. మందిరాలూ తక్కువేమీ కాదు. ప్రేమవిందు అయ్యాక గ్లాసులు, ప్లేట్లు ఎక్కడికి పోతున్నాయో సంఘ పెద్దలు ఒకసారి వెళ్ళి చూడాలి. ఒకప్పుడు బాప్తిస్మాలు ఇచ్చిన రేవులో ఇప్పుడు పిల్లల్ని దింపడానికి తల్లులు వెనకాడుతున్నారు. శివారు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆయన వంతు నీరు డెక్కలోనే ఆగిపోతుంది.

పైన వచ్చిన నీరు కింద పోవాలి గదా! మన కాలువల మురుగు, తమ్మిలేరు, బుడమేరు అన్నీ చివరికి కొల్లేటికే చేరతాయి. కొల్లేటి నుండి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారిలో చేపల చెరువుల గట్లు లేస్తే నీరు ఎక్కడికి పోతుంది? 2006లో ప్రభుత్వం సరస్సులోని గట్లు కొట్టించింది. తరువాత కొన్ని మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు ఇటే వచ్చి లంక గ్రామాల దారులు మింగేసింది. చెరువు మీద బతికే కూలివారి కష్టం మాకు తెలుసు. వారిలో మా సంఘస్థులూ ఉన్నారు. వారికి వేరే దారి చూపకుండా గట్లు కొట్టడం న్యాయం కాదు. అయినా పొరుగువాడి ఇంట్లోకి నీరు పంపే గట్టును దీవించమని మాత్రం మేము ప్రార్థన చేయలేము.

పిల్లవాడికి ఇంజనీరింగ్ సీటు రావాలని తండ్రులు మా దగ్గరకు వస్తుంటారు. చేస్తాము, సంతోషంగా చేస్తాము. తాడేపల్లిగూడెంలో 2015 నుండి నిట్ కూడా ఉంది. కానీ అడిగినవారందరికీ కంప్యూటర్లే కావాలి. నీళ్ళ చదువు చదివిస్తానని, లాకులు, తూములు బాగుచేసే ఉద్యోగం చేయిస్తానని ఒక్క తండ్రి వస్తే ఉపవాసముండి ప్రార్థించడానికి మేము సిద్ధం.

ఈ వేసవిలో కాలువ కట్టేసిన తరువాత వచ్చే రెండవ ఆదివారం, ఆరాధన కాగానే మా సంఘం పారలు, గంపలతో రేవులో దిగుతుంది. నీటి సంఘంవారితో మాట్లాడాము. తీసిన మట్టి ఎక్కడ పోయాలో వారే చూపిస్తారు. ఏ మతంవారైనా రండి. గాజు పెంకులుంటాయి, చెప్పులు వేసుకునే దిగండి.