నడస్తా ఉండాది కదా!

మొన్న ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర పక్క టీమ్ కుర్రాడొకడు సంబరంగా చెప్పాడు. "కొత్త బండి బుక్ చేశానన్నా. పాతది ఊరికి పంపించేస్తున్నా, నాన్నకి పనికొస్తుంది." అతనిది మదనపల్లె. మాది పుంగనూరు పక్కన పల్లె. మనోడే కదా అని చనువుగా అడిగా, "ఇంజన్ ఆయిలు ఎప్పుడు మార్చావ్?" అని. కాసేపు పైకప్పు చూసి, "గుర్తులేదన్నా, అయినా స్మూత్‌గానే వెళ్తోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు లెండి, ఎవరి మీదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కోప్పడకండి గానీ, మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందికి ఈ జబ్బుంది. సర్వర్‌కి ప్యాచ్ ఒక వారం ఆలస్యమైతే మెయిళ్ళ మీద మెయిళ్ళు కొడతాం. ఎవడైనా ముక్క డాక్యుమెంటేషన్ లేకుండా పాత కోడ్ మన నెత్తిన పడేసి పోతే వాడి వంశాన్నంతా తిడతాం. అదే మనం, ఏడెనిమిదేళ్ళు బెంగళూరు ట్రాఫిక్‌లో నలగ్గొట్టిన బండికి ట్యాంకు తుడిచి, సీటు కవరు మార్చి, లారీ ఎక్కించేసి 'నాన్నకి బండి ఇచ్చా' అని చెప్పుకుంటాం. వదిలించుకోవడానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు ఇవ్వడం.

నేనేం తక్కువ తినలేదు. మొదటి ఉద్యోగంలో, 2006లో కొన్న వంద సీసీ బండిని, 2013లో కారు రాగానే నాయనకి పంపించా. అప్పటికే నలభై వేల కిలోమీటర్లు దాటింది. సర్వీసింగ్ అంటే నాకు తెలిసింది నీళ్ళు కొట్టించి పాలిష్ పెట్టించడమే. 2016 వేసవిలో నాయన అమ్మని వెనక కూర్చోబెట్టుకుని కుప్పంలో మా అక్క ఇంటికి బయల్దేరాడు. పలమనేరు దాటాక, అడవి పక్క రోడ్డు మీద, సాయంత్రం ఐదున్నరప్పుడు ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అంత దూరం ఈడ్చుకుపోయి పడింది. అమ్మ మణికట్టు విరిగింది. నాయన మోకాలు చెక్కుకుపోయింది. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రోడ్డు మీదికొచ్చే చోటు అది. పొద్దుగూకితే అక్కడ బండి ఆపడానికి కూడా జంకుతారు. టమాటా బాక్సులు దించేసి తిరిగొస్తున్న మినీ లారీ వాళ్ళు ఆపి ఎక్కించుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ టైములో నేను రిలీజ్ కాల్‌లో ఉన్నా, ఫోన్ సైలెంట్‌లో ఉంది.

తర్వాత మెకానిక్ డ్రెయిన్ బోల్టు విప్పితే టీ గ్లాసుడు నల్ల జిగురు కారింది. "ఏంనా, దీంట్లో ఆయిలు మార్చి ఎన్నేండ్లయింది?" అన్నాడు. నాయన "నడస్తా ఉండాది కదా అని..." అని ఊరుకున్నాడు. నాకు ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది. ఎందుకంటే ఆ 'నడస్తా ఉండాది' అంతకు ముందు ఏడేళ్ళు నాది.

ఇక్కడొక సంగతి చాలామంది గమనించరు. మా నాయన తరానికి బండి అంటే టీవీఎస్ 50. 1980లో వచ్చిన ఆ టూ స్ట్రోక్ మోపెడ్‌లో ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోయించుకుంటారు. పెట్రోలుతో పాటే కాలిపోతుంది, మళ్ళీ పోయించుకున్నప్పుడు కొత్త ఆయిలు వస్తుంది. అంటే ఇంజన్ ఆయిలు మార్చడం అనే పనే వాళ్ళకి తెలియాల్సిన అవసరం రాలేదు. అలాంటి మనిషి చేతిలో మనం ఫోర్ స్ట్రోక్ బండి పెట్టాం. ఇందులో లీటరు కూడా పట్టని ఆ కాస్త ఆయిలే పిస్టన్‌నీ, గేర్లనీ, క్లచ్చి ప్లేట్లనీ అన్నిటినీ చూసుకోవాలి, వేడి కూడా మోసుకెళ్ళాలి. అది తగ్గిపోయినా, చెడిపోయినా పిస్టన్‌కి దిక్కులేదు. అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనుప సిలిండర్ కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యనున్న ఆయిలు పొర పోయిందంటే పట్టేస్తుంది. అప్పుడు చేయాల్సింది వెంటనే క్లచ్చి నొక్కేయడం. కానీ టీవీఎస్ 50కి చేతి క్లచ్చే లేదు! ముప్పై ఏళ్ళు దాన్నే నడిపిన చేతికి ఆ క్షణంలో క్లచ్చి ఎలా గుర్తొస్తుంది? ఇవన్నీ తెలిసిన వాణ్ణి, ఇంజనీరింగ్ పట్టా ఉన్న వాణ్ణి, ఒక్క ముక్క చెప్పకుండా తాళాలు పంపించా.

పోనీ చెప్పాల్సింది మరీ ఎక్కువా అంటే అదీ లేదు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి డిప్‌స్టిక్ తీసి తుడిచి చూడాలి. మన స్ప్లెండర్ లాంటి బండ్లకి దాన్ని మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే పుల్ల లోతుకి పోయి ఆయిలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మనం 'ఓహో ఉందిలే' అనుకుంటాం. మా నాయన ఏకంగా ట్రాక్టరుకి పోయగా మిగిలింది ఓసారి ఇందులో పోశాడట. కారుకో ట్రాక్టరుకో పోసేది ఇందులో పోస్తే క్లచ్చి జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే కొనాలి. ఈ బండ్లలో చాలావాటికి కార్లలో లాగా మార్చి పారేసే పేపర్ ఆయిల్ ఫిల్టరు ఉండదు. లోపల ఒక జల్లెడ, క్లచ్చి పక్క చెత్తని తిప్పి పట్టే డబ్బా లాంటిది ఒకటి ఉంటాయి. వాటిని కడగమని మనం అడిగితే తప్ప ఎవరూ విప్పరు.

టాపెట్ల సంగతి ఇంకా తమాషా. చప్పుడు రాకపోతే ఇంజన్ బాగున్నట్టని మనవాళ్ళ నమ్మకం. ఆ సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. వాల్వు అరుగుతూ సీటులోకి దిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న బండిని మెచ్చుకునే ముందు ఒకసారి ఫీలర్ గేజ్ పెట్టించండి.

ఇక దుమ్ము. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలున్నాయి, ఆ రాతి పొడి చిరిగిన ఎయిర్ ఫిల్టర్లోంచి లోపలికెళ్తే గరుకు కాగితం పెట్టి రింగుల్ని రుద్దినట్టే. పొలం దారుల్లో తిరిగే మా ఊరి బండ్లకీ అంతే. మాన్యువల్లో రాసిన గడువులు మంచి రోడ్ల మీద తిరిగే బండికి. నాయనది అలాంటి రోడ్డు కాదని మనకి తెలియదా? దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కార్బొరేటర్ కాలపు బండికి రబ్బరు పైపులు, గాస్కెట్లు గట్టిపడ్డాయేమో చూసుకోవాలి. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకూడదు.

మీలో చదువుకున్నవాళ్ళు ఒకటి అడుగుతారు, నాకు తెలుసు. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నౌలన్, హీప్ రాసిన రిపోర్టు చూపిస్తారు. విమాన భాగాల్లో 89 శాతానికి 'ఇన్ని గంటలయ్యాక విప్పెయ్' అనే నియమం వల్ల లాభం లేదని తేల్చింది కదా, బాగా నడిచేదాన్ని ఎందుకు కెలకడం అని. నిజమే, నేనూ అదే అంటున్నా. సెకండ్ హ్యాండ్ బండి కొనగానే ఎవరో చెప్పారని ఇంజన్ విప్పించి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేయించేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. కంప్రెషన్ బాగుండి, పొగ రాకుండా, ఆయిలు తాగకుండా ఉంటే హెడ్డు జోలికి పోకండి. కానీ ఆయిలు మార్చొద్దని, అరుగుదల చూసుకోవద్దని వాళ్ళు ఎక్కడా రాయలేదు. అసలు ఏది పాడవుతోందో కనిపెట్టి చూడమన్నది వాళ్ళే. మనం ఆ సగం చదవం, బద్ధకానికి పనికొచ్చే సగమే చదువుతాం.

డబ్బుల్లేవనడానికీ లేదు. లీటరు ఆయిలు వీకెండ్‌లో ఒక పిజ్జాకి పెట్టేంత. ఊరెళ్ళినప్పుడు గంట పని. అమ్మకి ఆ చేయి ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది. చెంబు ఎడమ చేత్తోనే ఎత్తుతుంది, నేను చూస్తున్నానని తెలిస్తే కుడి చేతికి మార్చుకుంటుంది.

ఇప్పుడు నాయన బండికి ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు వంటింటి క్యాలెండరు మీద ఉంటాయి. రాసేది నేను కాదు, ఆయనే. పోయిన నెల ఫోన్ చేసి "ఆయిలు మార్సాల్సిన టైమయింది, వస్తావా, నన్నే మార్చుకోమంటావా?" అన్నాడు. వెళ్ళా.

మదనపల్లె కుర్రాడి బండి తీసుకెళ్ళడానికి శనివారం లారీ వస్తుందట. శుక్రవారం సాయంత్రం వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కలుద్దామన్నా. ఆయిలు అతను కొంటాడు, పదిహేడో నంబరు స్పానరు నేను పట్టుకెళ్తున్నా.