ఎయిర్ గన్‌కి సౌండు తగ్గించడం ఎందుకండీ?

పొద్దుతిరుగుడులో గింజ పట్టగానే చిలకలు, వేరుశనగ ఊడలు దిగగానే అడవిపందులు, మామిడి పిందె మీద కోతులు. ఈ బాధ మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే చాలా చేలల్లో ఎయిర్ గన్ కనిపిస్తోంది. దాంతోపాటే ఒక ప్రశ్న తరచూ వస్తోంది: "అన్నా, దీని సౌండు తగ్గాలంటే ఏం బిగించాలి?"

ముందు చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. మన దగ్గర ఎక్కువమంది వాడేది బారెల్ మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ గన్. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, అది వెళ్ళి సిలిండర్ చివర ధడేల్‌మని ఆగుతుంది. మనకి వినపడే చప్పుడులో పెద్ద వాటా అదే. కాబట్టి బారెల్ మూతికి ఏ గొట్టం బిగించినా పెద్దగా తేడా ఉండదు, డబ్బులు దండగ. ముందే గాలి నింపుకునే పీసీపీ రకంలో చప్పుడు మూతి దగ్గరే పుడుతుంది కాబట్టి అక్కడ గొట్టం పనిచేస్తుంది. కానీ తుపాకీ సైలెన్సర్ల విషయంలో మన ఆయుధాల చట్టం చాలా కఠినం. 4.5 ఎంఎం, 20 జౌళ్ళ లోపు ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు కదా అని ఆన్‌లైన్‌లో అలాంటివి తెప్పించుకుంటే, రేపు పోలీసులకి సమాధానం చెప్పుకోవాల్సింది మనమే.

ఇంటి దగ్గర గురి ప్రాక్టీసు చేసేవాళ్ళకి సులువైన పనులున్నాయి. వదులైన స్క్రూలు బిగించండి. స్ప్రింగుకి తగిన గ్రీజు పట్టించండి, అంతేగానీ సిలిండర్‌లో నూనె పోయకండి. అది లోపలే మండి ఇంకా గట్టిగా పేలుతుంది. రేకు డబ్బా బదులు పాత గుడ్డలు కుక్కిన చెక్కపెట్టెను గురి పెట్టుకోండి. పెల్లెట్లు కూడా అందులోనే ఉండిపోతాయి.

ఇక చేను సంగతి. పిట్టని బెదరగొట్టడమే మన పని అయితే చప్పుడే కదా మందు! చప్పుడు వద్దంటున్నామంటే, ఒకదాన్ని కొట్టాక పక్కది ఎగిరిపోకూడదని. నాకు నచ్చనిది అక్కడే. పురుగుల్ని తింటాయని చేలో టీ ఆకారం కర్రలు పాతి పసులపోలిగాణ్ణి, గోరింకల్ని పిలిచేది మనమే. గట్టు మీద గన్ పట్టుకుని కూర్చునేదీ మనమేనా? చాలా పెల్లెట్లు సీసంతో చేసినవే. జీవామృతం పోసి వానపాముల్ని రప్పించుకున్న నేలలో ఆ సీసం ఎందుకు చల్లాలి? చీకట్లో కదిలింది నెమలి అయితే కేసు మామూలుగా ఉండదు, అది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు. అడవిపందికి ఈ పెల్లెట్‌తో పుండు పడుతుందేగానీ పంట దక్కదు.

అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్లు అప్పగించే ఉద్యమం మొదలైతే జనం రెండు వేలకు పైగా గన్లు తెచ్చిచ్చారు. తరతరాల వేట అలవాటున్న ఊళ్ళవి.

మన పెద్దలకి మంచె ఉండేది, వడిసెల, డప్పు ఉండేవి. ఇప్పుడు మెరుపు రిబ్బన్లూ ఉన్నాయి. ఏదైనా నాలుగు రోజులకి పిట్ట అలవాటుపడిపోతుంది, అందుకని మారుస్తూ ఉండాలి. గట్ల మీద రెండు సాళ్ళు సజ్జ వేసి పిట్టలకే వదిలేస్తే పొద్దుతిరుగుడు మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది. కోతులకి మాత్రం వంతులేసుకుని కాపలా కాయడం కంటే గట్టి దారి నాకు కనపడలేదు. నలుగురు రైతులు కలిస్తేనే అయ్యే పని అది.

వడిసెల ఎలా తిప్పాలో పై వీడియోలో చూపించాం. రాయి పెట్టకండి, ఎండిన మట్టి ఉండ చాలు. పక్క చేలో కలుపు తీసేవాళ్ళుంటారు.