నేతిబీరకాయ పోర్టులు

ల్యాప్‌టాప్ పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఓ చిన్న కన్నం ఉంటుంది చూశారూ, యూఎస్‌బీ టైప్-సి, దాన్ని కనిపెట్టినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది, అంతవరకు దణ్ణం పెట్టొచ్చు. నా కోపమల్లా ఆ కన్నం వెనక ఏముందో చెప్పకుండా అమ్మేవాళ్ళ మీద. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, "యూనివర్సల్" సీరియల్ బస్‌లో యూనివర్సల్ అంతే అని నా అభియోగం.

2014లో టైప్-సి స్పెసిఫికేషన్ వచ్చినప్పుడు మనందరం సంబరపడ్డాం. ఒకే కేబుల్‌తో ఛార్జింగు, డేటా, మానిటరు అన్నారు. నిజమే, కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ చాలావరకు "ఇష్టమైతే పెట్టుకోండి" బాపతు. ఆ కన్నంలో 480 ఎంబీపీఎస్ పాత యూఎస్‌బీ 2 మాత్రమే ఉండొచ్చు, 40 జీబీపీఎస్ థండర్‌బోల్టూ ఉండొచ్చు. వీడియో రావచ్చు, రాకపోవచ్చు. ఛార్జింగు ఎక్కొచ్చు, ఎక్కకపోవచ్చు. బయటికి మాత్రం అన్నీ కవలపిల్లలే. పోనీ పక్కన మెరుపు గుర్తు వేశారు కదా అంటే, అది థండర్‌బోల్టా, ఛార్జింగా అని మళ్ళీ అదో సందేహం! కేబుళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఫోన్లతో వచ్చే చాలా కేబుళ్ళు ఛార్జింగ్ బానే చేస్తాయి గానీ, వాటితో మానిటర్ తగిలిస్తే వచ్చేది నల్లటి తెర.

ఇదే పని మనం చేస్తే ఊరుకుంటారా? ఒకే పేరు, ఒకే సిగ్నేచర్‌తో ఆరు రకాల ఫంక్షన్లు రాసి, ఏది ఏం చేస్తుందో డాక్యుమెంట్ చెయ్యకుండా, పని చెయ్యకపోతే ఎర్రర్ కూడా ఇవ్వకుండా చెకిన్ చేశామనుకోండి.. కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తారు. హార్డ్‌వేర్ వాళ్ళు చేస్తే మాత్రం దాని పేరు "ఫ్లెక్సిబిలిటీ".

ఇక పేర్ల ప్రహసనం. 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది. 2013లో 3.1 రాగానే పాతదాని పేరు "3.1 జెన్ 1" అయింది. తర్వాత 3.2 వచ్చాక అదే "3.2 జెన్ 1" అయింది. వేగం మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే 5 జీబీపీఎస్! జీతం పైసా పెంచకుండా డెసిగ్నేషన్ రెండుసార్లు మార్చిన కంపెనీలా లేదూ? చివరికి 2022లో బుద్ధొచ్చి, ఈ నంబర్లు వదిలేసి వేగాన్నే పెట్టె మీద వేసే లోగోలు తెచ్చారు. మంచిదే. కానీ ఆ లోగో సర్టిఫికేషన్ చేయించుకున్నవాళ్ళకే, చేయించుకోవడం తప్పనిసరేం కాదు.

ఇప్పుడు డాక్‌ల దగ్గరికొద్దాం. కోవిడ్ తర్వాత చాలా ఆఫీసుల్లో ఎవరి సీటు వాళ్ళకి లేదు. గచ్చిబౌలి దాకా ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చి, ఖాళీ సీటు వెతుక్కుని, ఆ సీట్లో ఉన్న డాక్ మన ల్యాప్‌టాప్‌ని గుర్తుపట్టాలని ఇష్టదైవాన్ని తల్చుకోవాలి. రెండు మానిటర్లుంటే విండోస్ ల్యాప్‌టాప్‌కి రెండూ వస్తాయి. అదే మామూలు డాక్‌కి మాక్‌బుక్ తగిలిస్తే రెండింటిలోనూ ఒకటే బొమ్మ కనబడుతుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో ఒకే కేబుల్ మీద రెండు మూడు తెరలు నడిపే ఎంఎస్‌టీ అనే పద్ధతి ఉంది, మాక్ ఓఎస్ దాంతో వేర్వేరు తెరలు ఇవ్వదు. ఇది డాక్ పెట్టె మీద పెద్దక్షరాలతో ఉండాల్సిన మాట. ఉంటే గింటే ఏ మూలో నక్షత్రం గుర్తు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఇంకోటి చూడండి. టైప్-సిలో వేగంగా డేటా మోసే తీగల జతలు నాలుగు. నాలుగు లేన్ల రోడ్డనుకోండి. మామూలు డాక్ రెండు లేన్లు యూఎస్‌బీ 3కి ఇచ్చేసి, మానిటర్‌కి రెండే వదుల్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కన ఆ రెండింటిలో పట్టేది 8.64 జీబీపీఎస్. 4కే తెర సెకనుకి 60 సార్లు మారాలంటే 12 జీబీపీఎస్ పైమాటే. అందుకని డాక్ చప్పుడు చెయ్యకుండా 30కి దించేస్తుంది. పెట్టె మీద "4కే" అని ఉంది కదా, అబద్ధం చెప్పలేదుగా! మా టీములో ఒక కుర్రాడు స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయని కళ్ళజోడు మార్పించుకున్నాడు. రెండు వేలు పోసి కొత్త అద్దాలు వేయించుకున్నాక తెలిసింది, చూపు బానే ఉంది, 30 హెర్ట్జ్‌లో ఉన్నది డాక్ అని.

వీటన్నిటికన్నా పెద్ద అన్యాయం వైర్‌లెస్ విషయంలో జరుగుతోంది. డాక్‌కి హార్డ్ డిస్క్ తగిలించగానే మౌస్ తాగినట్టు తూలుతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మాట తెగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై నత్తనడక నడుస్తుంది. కారణం రహస్యమేం కాదు. యూఎస్‌బీ 3లో 5 జీబీపీఎస్ సిగ్నల్ పారేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద కూడా పరుచుకుంటుంది. మౌస్, బ్లూటూత్, పాత వైఫై అన్నీ కాపురం ఉండేది అక్కడే. ఇంటెల్ వాళ్ళు 2012లోనే దీని మీద వైట్ పేపర్ రాశారు. హార్డ్ డిస్క్ తగిలిస్తే అక్కడి రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని కొలిచి మరీ చూపించారు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు! బ్లూటూత్ ఛానెల్ మార్చుకుంటూ గెంతుతుంది నిజమే, కానీ బ్యాండ్ మొత్తం రొదే అయితే పాపం ఎక్కడికని గెంతుతుంది?

దీని ఖరీదు ఎవరు కడుతున్నారు? కాల్‌లో అవతలి క్లయింటుకి డాక్ కనబడదు. మాట తెగిపోతున్న మనిషే కనబడతాడు. "వాళ్ళింట్లో నెట్ ఎప్పుడూ ఇంతే" అని ఒక ముద్ర పడిపోతుంది. ఆ మనిషి బ్రాడ్‌బ్యాండ్ మారుస్తాడు, హెడ్‌సెట్ మారుస్తాడు, రూటర్ మారుస్తాడు, అన్నీ సొంత డబ్బుతో. అసలు దొంగ మాత్రం ల్యాప్‌టాప్‌కి జానెడు దూరంలో దర్జాగా కూర్చుని ఉంటాడు.

మందు చాలా చవక. మౌస్ రిసీవర్‌ని డాక్‌కి కాకుండా, రెండడుగుల ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి దూరంగా పెట్టాలి. వీలైతే యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టాలి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాలి. డాక్‌ని ల్యాప్‌టాప్‌కి కాస్త ఎడంగా జరపాలి. అంతే. కానీ అమ్మమ్మ చిట్కాల్లా ఇవి ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పాకాలా? వేలకి వేలు పోసి కొన్న డాక్ పెట్టెలో ఓ కాగితం ముక్క పెట్టలేరా? నేను విప్పిన ఏ పెట్టెలోనూ కనబడలేదు మరి.

"అన్ని పోర్టుల్లో అన్నీ పెడితే ఖర్చు పెరుగుతుంది బాబూ" అంటారు కొందరు. ఒప్పుకుంటా. అన్నీ పెట్టమని ఎవరడిగారు? ఏం పెట్టారో చెప్పమంటున్నాం. పోర్టు పక్కన వేగం అంకె, వాట్ల అంకె, తెర బొమ్మ అచ్చు వెయ్యడానికి ఎంత ఖర్చవుతుంది?

అడిగితే ఏం మారుతుంది అని నిట్టూర్చకండి. 2016లో యాపిల్ మాక్‌బుక్ ప్రోలో టైప్-సి, ఇయర్‌ఫోన్ కన్నం తప్ప మిగతావన్నీ పీకేసింది. జనం ఐదేళ్ళు తిట్టారు. 2021లో హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డ్ స్లాట్, మాగ్‌సేఫ్ మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. యూరప్‌లో చట్టం చేసి 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకి, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకి టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి అన్నారు. 2025లో మైక్రోసాఫ్ట్ కూడా, విండోస్ 11 సర్టిఫికేషన్ కావాలంటే టైప్-సి పోర్టు డేటా, ఛార్జింగ్, డిస్‌ప్లే మూడూ చెయ్యాలంది. అంటే మెడ మీద కూర్చుంటే పని అవుతుందన్నమాట.

మరి మన వంతో? మన కంపెనీలు ల్యాప్‌టాప్‌లు, డాక్‌లు ఒకటీ రెండూ కొనవు, వేలల్లో కొంటాయి. ఆ కొనుగోలు మెయిల్ థ్రెడ్‌లో మీరుంటే మూడే మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి పోర్టు ఏం చేస్తుందో రాతపూర్వకంగా ఇస్తారా? మన ల్యాప్‌టాప్ మోడల్‌తో రెండు మానిటర్లూ 60 హెర్ట్జ్‌లో వస్తాయా? డాక్‌కి డిస్క్ తగిలించి, పక్కన బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఓ అరగంట కాల్ మాట్లాడి చూపిస్తారా? నీళ్ళు నమిలితే ఆర్డర్ ఇవ్వకండి. వాళ్ళకి మన తిట్లకన్నా రద్దయిన ఆర్డరే త్వరగా అర్థమవుతుంది.

అప్పటిదాకా బ్యాగులో ఒక హెచ్‌డీఎంఐ కేబులు, ఒక తోకున్న మౌసు మొయ్యక తప్పదు.