మారుతి ఇంజిను, పందెం కారు

భావనపాడు నుంచి ఓ పెద్దాయన ఉత్తరం రాశారు. సంతబొమ్మాళి మండలంలోని ఆ తీరపల్లె మన జిల్లా పాఠకులకు కొత్త కాదు. ఆయనకో ఫైబర్ బోటుంది. దానికో ఇంజినుంది. ఆ ఇంజినుకు తరచూ జబ్బు చేస్తుంటుంది. వైద్యుడు ఎవరో కాదు, టెక్కలిలో ఇంజినీరింగు చదువుతున్న ఆయన కొడుకే! ‘మా గుంటడికి ఇంజిను ఇప్పదీసి బిగించడం తప్ప ఇంకేటీ పట్టదు. ఆదివారం వస్తే టీవీలో కారు పందేలు. చదువయ్యాక పందెం కార్లు చేస్తానంటన్నాడు. అవి కోటీశ్వరుల ఆటలు కదా బాబూ, మనలాంటోళ్లకి అందులో దారేటి?’ అని అడిగారు.

సబబైన ప్రశ్న. జవాబుగా ఓ మనిషి గురించి చెబుతాను. పేరు సుందరం కరివర్ధన్. ఊరు కోయంబత్తూరు. తెలిసినవాళ్లంతా ‘కరి’ అనేవారు. మన భాషలో కరి అంటే ఏనుగు. ఈయన నడక మాత్రం ఏనుగుది కాదు లెండి!

అరవదేశం మనిషితో మనకేం పని అనుకోకండి. కోయంబత్తూరు నాయుళ్లు ఎన్నో తరాల కిందట అక్కడికి వలసవెళ్లిన తెలుగువాళ్లు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. పత్తి పండించారు, మిల్లులు పెట్టారు, మిల్లులకు కావలసిన యంత్రాలూ తామే చేసుకున్నారు. జి.డి.నాయుడు పేరు విననివాళ్లు తక్కువ. కరివర్ధన్ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో 1954లో పుట్టారు. ఆ మిల్లు స్థాపించింది జి.కుప్పుస్వామి నాయుడు, 1910లో. అంటే మన కరి పేదింటి బిడ్డేం కాదు. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఆయన కుర్రతనంలో మనదేశంలో పందేలంటే షోలవరమే. మద్రాసుకు ఉత్తరాన రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉండేది. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి, కార్లు వచ్చాయి. పందెం రోజున జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చేవారు. కానీ కార్లు ఎవరివి? రాజాలవీ, పారిశ్రామికవేత్తలవీ. విజయ్ మాల్యా ఒకప్పటి ఫార్ములా వన్ కారునే దిగుమతి చేసుకుని అక్కడ నడిపారు. విదేశాల్లో వాడి వదిలేసినదైనా సరే, ఇక్కడికొచ్చేసరికి అది ఐరావతం. ఓ చిన్న సామాను విరిగితే మళ్లీ సముద్రాలు దాటి రావాలి. ఎవరికెంత నేర్పుందో తేలేలోపే ఎవరి కారు ఖరీదెంతో తేలిపోయేది.

కరి కూడా షోలవరంలో పందేలు ఆడినవారే. తాను గెలవడంతో ఆయన సరిపెట్టుకుని ఉంటే ఇవాళ ఈ కాలమ్‌లో ఆయన ప్రస్తావన ఉండేది కాదు. కార్లను తానే గీసి, తానే కట్టడం మొదలుపెట్టారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. అమ్మనాన్నలు, ఇద్దరు పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తా... ఇదీ దాని ఉద్యోగం. ఆ ఇంజినుతో ఒక్క మనిషి కూర్చునే పందెం కారు చెయ్యొచ్చని కరి చేసి చూపించారు. అదే ఫార్ములా మారుతి.

ఇందులో కిటుకు మన భావనపాడు కుర్రాడికి ఇట్టే అర్థమవుతుంది, మిగతావాళ్ల కోసం చెబుతాను. మారుతిలో ఇంజినూ గేరుబాక్సూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని అడ్డంగా ముందు భాగంలో ఉంటాయి, ముందు చక్రాలను తిప్పుతాయి. ఆ జంటను విడదీయకుండా ఎత్తి తీసుకెళ్లి డ్రైవరు వీపు వెనక పెడితే అవే వెనక చక్రాలను తిప్పుతాయి. బరువు వెనక్కి చేరుతుంది, ముందు భాగం సన్నబడుతుంది. చుట్టూ ఇనుప గొట్టాల చట్రం, పైన ఫైబర్ గ్లాసు తొడుగు. మన తీరంలో ఇప్పుడు తిరిగే బోట్లదీ అదే సరుకు. ఇక ఇంజిను పాడైందా? ఊళ్లో మారుతి సామాన్ల దుకాణం ఎటూ ఉంది.

మరో మేలు కూడా జరిగింది. అందరి వెనకా ఒకే ఇంజిను కాబట్టి డబ్బుతో కొనుక్కోగలిగే వేగం తగ్గింది. మలుపులో ఎవరు ఎప్పుడు బ్రేకు తొక్కారో, ఎవరు ధైర్యం చేశారో అదే లెక్క. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చింది. ఆ ట్రాక్‌పై ఈ చిన్న కార్లలో మీసం సరిగా రాని కుర్రాళ్లు దిగారు. వాళ్లలో ఒకరు కోయంబత్తూరు అబ్బాయి నరేన్ కార్తికేయన్. తొలి పందెమే ఫార్ములా మారుతి, మొదటి ముగ్గురిలో నిలిచాడు. ఆ అబ్బాయే 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. ఆ ఏడాది అమెరికా పందెంలో టైర్ల గొడవతో పద్నాలుగు కార్లు తప్పుకున్నాయి, మిగిలిన ఆరింటిలో నాలుగోవాడై అయిదు పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆరుగురిలో నాలుగో స్థానమేం గొప్ప అని నవ్వినవాళ్లున్నారు. ఆ ఆరుగురిలో ఉండటానికి ఎంత దూరం రావాలో వాళ్లకు తెలియదు.

విమానానికీ పందెం కారుకీ చుట్టరికం ఉంది. విమానం రెక్క గాలిని వాడుకుని పైకి లేపుతుంది. దాన్నే తిరగేసి కారుకు బిగిస్తే నేలకు అదుముతుంది, మలుపులో చక్రం జారదు. 1956లో మైకేల్ మే అనే స్విస్ కుర్ర ఇంజినీరు జర్మనీ పందేనికి తన పోర్షే నెత్తిన అలాంటి రెక్క పెట్టుకొచ్చాడు. నిర్వాహకులు తీసేయమన్నారు! పదేళ్లు దాటాక అందరూ అవే బిగించుకున్నారు. కరి కథలో మాత్రం ఆకాశం కలిసిరాలేదు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. అప్పటికి 41 ఏళ్లు. నరేన్ ఫార్ములా వన్‌లో కూర్చోవడం ఆయన చూడలేదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. కారు పందెం కోటీశ్వరుల ఆట కాకుండా పోయిందని నేను చెప్పను. కరి మొదటి మెట్టు ఎత్తు తగ్గించారు, పై మెట్లు అలాగే ఉన్నాయి. నరేన్ తండ్రి కూడా ర్యాలీల్లో ఆరితేరినవారే, కార్లున్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు. పైగా యూరప్‌లో ఒక్క సీజన్ నడపాలంటే ఖర్చు కోట్లలో. సీట్లో కూర్చోవాలన్న కోరికకు హామీ ఇవ్వలేను.

అయితే మీ అబ్బాయి అడిగింది సీటు కాదండీ. ‘చేస్తాను’ అన్నాడు, ‘నడుపుతాను’ అనలేదు. దానికి దారుంది. కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో 2003లో ఓ ట్రాక్ మొదలైంది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. దానికి కరి పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే. కొన్నేళ్లుగా అక్కడ ఫార్ములా భారత్ పేరుతో ఇంజినీరింగు విద్యార్థుల పోటీ జరుగుతోంది. కాలేజీ జట్టు తమ కారును తామే గీసి, తామే కట్టి తీసుకెళ్లాలి. పరుగుకే కాదు, డిజైనుకూ మార్కులుంటాయి. ఎంత ఖర్చులో ఎలా కట్టారో లెక్క చెప్పాలి, దానికీ మార్కులుంటాయి. ముందు బ్రేకులూ చట్రమూ తనిఖీలో నెగ్గాలి, ఆ తర్వాతే ట్రాక్ మీదికి.

ఒక్కడే వెళ్లే పోటీ కాదది. జట్టు కట్టాలి, కాలేజీ వాళ్లను ఒప్పించాలి, ఓ షెడ్డు చూసుకోవాలి. బోటు ఇంజిను బాగుచేసే పని మాత్రం మాన్పించకండి, వేటకు వెళ్లని రోజుల్లో పానాలు వాడి దగ్గరే ఉంచండి.