సొంత ఇంటి లెక్క జీతపు చీటీతో మొదలు కావాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ రెండింటిలో మొదటిది నేడు రైల్వే, తపాలా ఉద్యోగుల పాలిట మరింత కఠినమైనది. జంషెడ్‌పూర్ పట్టణంలో ఈ సంగతి కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. 1907లో ఉక్కు కంపెనీ స్థాపన జరిగిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు వారెందరో ఇక్కడికి పొట్ట చేతబట్టుకొని వచ్చారు. కొందరు కర్మాగారంలోనూ, కొందరు రైల్వేలోనూ, తపాలా శాఖలోనూ కుదురుకొన్నారు. క్వార్టర్లలో పిల్లలు పుట్టారు, పెరిగారు, పెద్దవారయ్యారు. కాని క్వార్టరు మనది కాదు. పదవీ విరమణ తరువాత కొద్ది మాసాల గడువులో తాళం అప్పగించక తప్పదు. అంతవరకు ఇంటి ఆలోచన వాయిదా వేసిన కుటుంబం ఆనాడు గ్రాట్యుయిటీ యావత్తు చేతబట్టుకొని తొందరపాటు బేరానికి దిగుతున్నది.

ఇంటి లెక్కను మన సోదరులు సాధారణంగా ఇంటి ధరతో మొదలుపెడుతున్నారు. ఇది తలక్రిందుల లెక్క అని మా నిశ్చితాభిప్రాయం. లెక్క జీతపు చీటీతో మొదలు కావాలి. అందులోనూ బేసిక్, కరువు భత్యం మాత్రమే స్థిరమైనవి. రన్నింగ్ అలవెన్సు, రాత్రి డ్యూటీ భత్యం, ఓవర్‌టైము నేడు ఉండి రేపు తగ్గేవి. వాటిని నమ్మి ఇరవై ఏళ్ల వాయిదాలకు సంతకం పెట్టరాదు. వేతన సంఘం ఏదో ఇస్తుందనీ, బకాయిలు వస్తాయనీ ఊహించి అప్పు చేయడం అంతకంటె ప్రమాదం. సొసైటీ అప్పు, పండుగ ఖర్చు, పిల్లల ఫీజులు, ఊరిలోని తల్లిదండ్రులకు పంపే మొత్తం తీసివేసిన తరువాత మిగిలినదే మన శక్తి.

ఒక ఉదాహరణ తీసుకొందాము. బేసిక్ 35,400 రూపాయలు గల ఉద్యోగి 24 లక్షల ఫ్లాటు కొనదలచాడనుకొందాము. ఈ తరగతి ఇండ్లకు బ్యాంకు గరిష్ఠంగా 90 శాతం, అనగా 21 లక్షల 60 వేలు ఇవ్వవచ్చు. మిగిలిన 2 లక్షల 40 వేలు మన చేతి సొమ్ము. జార్ఖండ్‌లో స్టాంపు డ్యూటీ 4 శాతం, రిజిస్ట్రేషను 3 శాతం కలిసి మరొక 1 లక్ష 68 వేలు. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలుపదు. స్త్రీల పేర కొంటే ఒక్క రూపాయికే రిజిస్ట్రేషను అని ఇంకా చెప్పుకొనేవారున్నారు. 2017లో వచ్చిన ఆ సౌకర్యం 2020లోనే రద్దయింది. కనుక 4 లక్షల పైచిలుకు రొక్కం లేనిదే అడుగు వేయరాదు. గ్రిల్లులు, వైరింగు, వంటగది పలకలు, గృహప్రవేశం ఖర్చు దీనికి అదనం.

ఇక వాయిదా. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకొంటే నెలకు రమారమి 18,745 రూపాయలు. మొత్తం చెల్లింపు 45 లక్షలకు చేరుతుంది. అసలు కంటె వడ్డీయే ఎక్కువ. ఈ ఉద్యోగికి జంషెడ్‌పూర్‌లో 20 శాతం చొప్పున వచ్చే ఇంటి అద్దె భత్యం 7,080 రూపాయలు మాత్రమే. సొంత ఇంటిలో నివసించినా ఆ భత్యం ఆగదు. క్వార్టరులో ఉంటూ ఫ్లాటుకు వాయిదా కట్టేవారికి మాత్రం ఆ భత్యమూ లేదు, వాయిదా మొత్తం జీతం మీదనే పడుతుంది.

శాఖాపరమైన గృహనిర్మాణ అడ్వాన్సును మనవారు తగినంతగా వినియోగించుకోవడం లేదు. 2017 నిబంధనల ప్రకారం ఐదేళ్ల సర్వీసు గలవారికి 34 నెలల బేసిక్ లేక 25 లక్షలు లేక ఇంటి ఖరీదు, వీటిలో ఏది తక్కువైతే అది లభిస్తుంది. మన ఉదాహరణలో 12,03,600 రూపాయలు. దీనిపై సాధారణ వడ్డీయే గాని చక్రవడ్డీ లేదు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. మొదట అసలును 180 వాయిదాలలో, ఆ తరువాత వడ్డీని 60 వాయిదాలలో వసూలు చేస్తారు. మొదటి పదిహేనేళ్లు నెలకు రమారమి 6,690 రూపాయలు తేలికగా తోస్తుంది. 2022-23లో ఉన్న 7.1 శాతం వడ్డీతో లెక్కించినా, చివరి ఐదేళ్ల వాయిదా 10,700 దాటుతుంది. నలభై ఏళ్ల వయస్సులో తీసుకొన్నవారికి ఆ బరువు సరిగా అరవై నాటికి తీరుతుంది. నలభై ఎనిమిదిలో తీసుకొన్నవారికి మిగిలిన బాకీ గ్రాట్యుయిటీ నుండి పోతుంది. కనుక అడ్వాన్సు తీసుకొనేందుకు సరియైన కాలం సర్వీసు మధ్య భాగమే.

లెక్క కుదిరినంత మాత్రాన స్థలం కుదరదు. జంషెడ్‌పూర్ నగరంలో అధిక భాగం లీజు భూమి. 2005లో కుదిరిన లీజు ఒప్పందం 1996 జనవరి నుండి 30 ఏళ్లకు ఉద్దేశించినది. అటువంటి చోట కొనేది భూమినా, కేవలం అనుభవ హక్కునా, దాని గడువెంత, బదలాయింపుకు ఎవరి అనుమతి కావాలి అన్నది పత్రంలో చదివి తెలుసుకోవాలి. ఖర్కాయి ఆవల ఆదిత్యపూర్ వేరే జిల్లాలోనిది, అక్కడి రికార్డులు అక్కడే చూడాలి.

పట్టణపు అంచులలో సాదా కాగితంపై చౌకగా దొరికే స్థలాలను గురించి మరింత గట్టిగా హెచ్చరించవలసి ఉన్నది. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం ఆదివాసి రైతు భూమిని ఆదివాసేతరులకు విక్రయించడాన్ని నిషేధిస్తున్నది. అటువంటి భూమిపై బ్యాంకు అప్పు ఇవ్వదు, కొన్నవానికి హక్కు నిలువదు. అంతకు మించి, తరతరాలుగా భూమి కోల్పోతూ వచ్చిన ఆదివాసి సోదరుని చివరి చెక్కను చౌకగా దక్కించుకొని ఇల్లు కట్టుకోవడం కార్మిక నీతి కాదు. ఖతియాన్ చూడకుండా, అంచల్ కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వరాదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే 2016 నాటి రెరా చట్టం రక్షణ ఉన్నది. ఒప్పందం రిజిస్టరు కాకుండా బిల్డరు ధరలో 10 శాతం మించి వసూలు చేయరాదు.

మరొక మాట. ఉద్యోగం ఉన్న ఊరిలో ఒకటి, పుట్టిన ఊరిలో ఒకటి, రెండు ఇండ్లు ఒక్క జీతం మీద లేవవు. విశ్రాంత జీవితం టాటానగర్‌లోనా, శ్రీకాకుళంలోనా అన్నది భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కూర్చొని ముందే తేల్చుకోవాలి.

మేము సూచించే పరీక్ష ఒక్కటే. ఇల్లు కొనే ముందు సంవత్సరం పాటు, రాబోయే వాయిదాకూ నేటి అద్దెకూ గల తేడాను నెలనెలా తపాలా రికరింగ్ డిపాజిట్టులో వేయండి. క్వార్టరులోని వారు వాయిదాకూ, క్వార్టరు విడిచినపుడు వచ్చే భత్యానికీ గల తేడాను వేయండి. ఇల్లు గడిస్తే లెక్క సరియైనదే, పైగా చేతి సొమ్ము కూడుతుంది. గడవకపోతే ఇల్లు చిన్నది చేయండి గాని అప్పు పెంచకండి.

అయితే పొదుపు ఒక్కటే పరిష్కారమని మేము అనడం లేదు. 1957 నాటి పదునైదవ భారత కార్మిక మహాసభ గృహవసతిని కనీస వేతనంలో అంతర్భాగంగా గుర్తించింది. 1961లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, కార్మికుడు వసతికై తన ఆదాయంలో సమంజసమైన భాగానికి మించి చెల్లించే స్థితి ఉండరాదని సిఫారసు చేసింది. 2017 నాటి అడ్వాన్సు పరిమితులు ధరలతోపాటు పెరగాలి. వడ్డీ తగ్గాలి. ఈ సౌకర్యానికి వెలుపలనే ఉన్న గ్రామీణ డాక్ సేవకులకు సైతం ఒక మార్గం కల్పించాలి. శిథిలమవుతున్న క్వార్టర్ల మరమ్మతు జరగాలి. ప్రతి శాఖలోనూ అనుభవజ్ఞులు ఇద్దరు ముగ్గురు కూర్చొని సభ్యుల పత్రాలు, లెక్కలు సంతకానికి ముందే పరిశీలించే ఏర్పాటు చేయవలసినదిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాము. బిల్డరు వద్దకు ఒంటరిగా వెళ్లే ఉద్యోగి బలహీనుడు. నలుగురి సలహాతో వెళ్లేవాడు మోసపోయే అవకాశం తక్కువ.